లాంగ్ జూమ్ కెమెరా ఎంచుకోవడం ఎలా: లెన్సుకీ సెన్సారుకీ మధ్య బేరం

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. చలికాలంలో ఆ రోడ్డు పక్కన బండి ఆపితే ఫ్లెమింగోలు కనపడతాయి. ఒక రోజు వంద మీటర్ల దూరంలో ఉంటాయి. ఇంకో రోజు నీళ్లకు అవతల గులాబీ రంగు గీతలా మాత్రమే కనపడతాయి. అక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కరికీ పుట్టే కోరిక ఒక్కటే: ఇంకొంచెం దగ్గరగా చూడాలి. ఆ కోరికతోనే చాలామంది 60 రెట్లు, 83 రెట్లు, 125 రెట్లు అని డబ్బా మీద రాసి ఉన్న కెమెరాల వైపు వెళతారు.

నేనూ అలాగే వెళ్లాను. మొదట కొన్నది 50 రెట్ల జూమ్, చిన్న సెన్సార్ (వెలుతురును పట్టి ఫొటోగా మార్చే పలక) ఉన్న కెమెరా. ఎండలో బాగానే తీసేది. ఒక మబ్బు పట్టిన ఉదయం పక్షుల కోసం వెళ్లి నాలుగు గంటలు తీసిన ఫొటోల్లో ఈకలు ఈకల్లా లేవు, తడి గుడ్డతో తుడిచినట్టు అలికేసి ఉన్నాయి. చాలా బాధపడ్డాను. కెమెరా చెడిపోలేదు, అది ఎంత చేయగలదో అంతే చేసింది. నేనే ఏం కొంటున్నానో తెలియకుండా కొన్నాను. తర్వాత కూర్చుని లెక్కలు వేస్తే తెలిసిందేమిటంటే, డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే జూమ్ అంకె కంటే లెన్స్ అంచు మీద చిన్న అక్షరాల్లో ఉండే రెండు అంకెలు ఎక్కువ నిజం చెబుతాయి. ఆ రెండింటినీ చదివి, భాగించి, మీ అవసరానికి సరిపోల్చుకోవడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి.

ముందు మీ దూరం తేల్చుకోండి

కెమెరా గురించి ఆలోచించే ముందు, మీరు తీసేది ఏమిటి, ఎంత దూరం నుంచి అన్నది కాగితం మీద రాసుకోండి. దానికి ఒక సులువైన లెక్క ఉంది. దూరాన్ని మీటర్లలో తీసుకుని 24తో గుణించి, జూమ్‌కి సంబంధించిన '35 ఎంఎం ఈక్వివలెంట్' అంకెతో (వేర్వేరు సెన్సార్ల కెమెరాల జూమ్‌ను ఒకే కొలతలో పోల్చడానికి వాడేది, కెమెరా వివరాల్లో ఉంటుంది) భాగించండి. వచ్చేది ఆ దూరంలో మీ ఫ్రేము ఎత్తు, సుమారుగా.

పులికాట్‌లో ఫ్లెమింగో 100 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 600 ఎంఎం జూమ్‌తో ఫ్రేము ఎత్తు 4 మీటర్లు వస్తుంది. పెద్ద ఫ్లెమింగో ఎత్తు మీటరుంపావు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఫ్రేములో మూడో వంతు కంటే తక్కువే నిండుతుంది. 2000 ఎంఎం అయితే ఫ్రేము ఎత్తు 1.2 మీటర్లు, పక్షి ఫ్రేమంతా నిండిపోతుంది. అదే పక్షి 300 మీటర్ల దూరంలో ఉంటే 2000 ఎంఎంతో కూడా మళ్లీ మూడో వంతే.

ఇప్పుడు గుంటూరు దగ్గర ఉప్పలపాడుకి రండి. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెరువులోని చెట్ల మీదే కూర్చుంటాయి, గట్టు మీద నిలబడి తీయవచ్చు. 50 మీటర్ల దూరానికి 600 ఎంఎంతో ఫ్రేము ఎత్తు 2 మీటర్లు. గూడబాతుకి అది సరిగ్గా సరిపోతుంది. కొల్లేరులో ఆటపాక దగ్గర పడవలో వెళితే ఇంకా తక్కువ జూమ్ చాలు. ఇంటి వెనక పంట కాలువ మీద వాలే చిన్న లకుముకి పిట్ట 16 సెంటీమీటర్లే ఉంటుంది, కానీ 15 మీటర్ల దాకా రానిస్తుంది. 600 ఎంఎంతో ఫ్రేములో నాలుగో వంతు నిండుతుంది.

ఇలా మీరు తరచుగా వెళ్లే మూడు నాలుగు చోట్లకు లెక్క వేయండి. ఒక సంఖ్య చుట్టూ మీ అవసరాలు గుమిగూడతాయి. చాలామందికి అది 400 నుంచి 800 మధ్య వస్తుంది. కొందరికి మాత్రం నిజంగానే 1200 దాటుతుంది. ఈ ఇద్దరికీ కావలసిన కెమెరాలు వేరు.

సెన్సార్ పేర్లను మిల్లీమీటర్లలోకి మార్చుకోండి

'1/2.3 అంగుళాలు', '1 అంగుళం' అని సెన్సార్లకు పెట్టే పేర్లు పాతకాలపు వీడియో కెమెరా గొట్టాల వ్యాసం నుంచి వచ్చాయి. సెన్సార్ అసలు కొలతకీ వాటికీ నేరుగా సంబంధం లేదు. ఒక అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు కదా, కానీ ఒక అంగుళం సెన్సార్ మూల నుంచి మూలకు 16 మిల్లీమీటర్లకు మించదు. అందుకని వీటిని గుర్తుపెట్టుకోండి:

1/2.3 అంగుళాల సెన్సార్: 6.17 × 4.55 మి.మీ., అంటే 28 చదరపు మి.మీ.
1 అంగుళం సెన్సార్: 13.2 × 8.8 మి.మీ., 116 చదరపు మి.మీ.
ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు సెన్సార్): 36 × 24 మి.మీ., 864 చదరపు మి.మీ.

మొదటి దానికంటే రెండోది 4 రెట్లు, రెండో దానికంటే మూడోది 7 రెట్లకు పైగా పెద్దవి. లాంగ్ జూమ్ కెమెరాల్లో ఎక్కువ భాగం మొదటి రకం. నికాన్ పి900 (2015), పి1000 (2018), పి950 (2020), 2025లో వచ్చిన పి1100, కానన్ ఎస్ఎక్స్70 హెచ్ఎస్ (2018), పానాసోనిక్ ఎఫ్‌జెడ్300 (2015) అన్నీ అవే. ఒక అంగుళం సెన్సార్‌తో సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 3 (2016), మార్క్ 4 (2017), పానాసోనిక్ ఎఫ్‌జెడ్1000 (2014) వచ్చాయి.

సెన్సార్ చిన్నదైతే లెన్స్ ఎందుకు చిన్నదవుతుంది? పి1000 మీద '3000 ఎంఎం' అని ప్రచారం చేస్తారు. కానీ ఆ లెన్స్ అసలు ఫోకల్ లెంత్ (దూరాన్ని ఎంత దగ్గరికి లాగుతుందో చెప్పే లెన్స్ కొలత) 539 మి.మీ. సెన్సార్ బాగా చిన్నది కాబట్టి, అది దృశ్యంలోంచి చిన్న ముక్కను మాత్రమే కోసుకుంటుంది కాబట్టి, ఆ 539 మనకు 3000లా కనపడుతుంది. ఫుల్ ఫ్రేమ్‌కి నిజమైన 600 ఎంఎం ఎఫ్/4 లెన్స్ ఒక్కటే 3 కిలోలు తూగుతుంది. పి1000 మొత్తం కెమెరా బరువు 1.4 కిలోలు. చిన్న సెన్సార్ ఇచ్చే వరం ఇదే. దానికి చెల్లించే ధర వెలుతురు రూపంలో ఉంటుంది.

లెన్స్ కిటికీని కొలవండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడదాం, అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

ఏ కెమెరానైనా చేతిలోకి తీసుకుని లెన్స్ చుట్టూ ఉన్న అంచు చూడండి. '4.3-357 మి.మీ., 1:2.8-6.5' లాంటి అంకెలు కనపడతాయి. మొదటివి అసలు ఫోకల్ లెంతులు. రెండోవి ఎపర్చర్లు, అంటే లెన్స్ ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకెలు. వీటినే ఎఫ్/2.8, ఎఫ్/6.5 అని రాస్తారు, అంకె చిన్నదైతే తెరుపు పెద్దది. పెద్ద ఫోకల్ లెంత్‌ను దానికి ఎదురుగా ఉన్న ఎపర్చర్ అంకెతో భాగించండి. 357ని 6.5తో భాగిస్తే 55 మి.మీ. వస్తుంది. ఆ లెన్స్ పూర్తి జూమ్‌లో ప్రపంచం వైపు తెరిచిన కిటికీ వెడల్పు అది. మీ ముందున్న పక్షి నుంచి కెమెరాలోకి ఎంత వెలుతురు వస్తుందన్నది ఈ కిటికీ సైజు మీదే ఆధారపడుతుంది. వాన పడుతుంటే బకెట్ మూతి ఎంత వెడల్పుగా ఉంటే అన్ని నీళ్లు పడతాయి, ఇదీ అంతే.

కొన్ని కెమెరాలకు ఈ భాగహారం చేద్దాం:

ఎఫ్‌జెడ్300: 108 ÷ 2.8 = 38.6 మి.మీ.
ఎస్ఎక్స్70: 247 ÷ 6.5 = 38 మి.మీ.
పి950: 357 ÷ 6.5 = 55 మి.మీ.
ఆర్ఎక్స్10 మార్క్ 4: 220 ÷ 4 = 55 మి.మీ.
పి1000: 539 ÷ 8 = 67 మి.మీ.

మొదటి రెండూ చూడండి. ఎఫ్‌జెడ్300 జూమ్ 24 రెట్లు, ఎస్ఎక్స్70 జూమ్ 65 రెట్లు. కిటికీ మాత్రం రెండింటికీ ఒకటే. అంటే చెట్టు మీద కూర్చున్న అదే పాలపిట్ట నుంచి రెండు కెమెరాలూ తీసుకునే వెలుతురు దాదాపు సమానం. ఎస్ఎక్స్70 ఆ వెలుతురును ఇంకా ఎక్కువ పిక్సెళ్ల మీద పరుస్తుంది, అంతే. పిండి అదే, రొట్టె పలచగా వత్తారు. మంచి ఎండలో పిండికి కొదవ ఉండదు కాబట్టి ఎస్ఎక్స్70 ఎక్కువ వివరం చూపిస్తుంది. వెలుతురు తగ్గితే ఆ ఆధిక్యం కరిగిపోతుంది.

తర్వాతి రెండూ ఇంకా ఆశ్చర్యంగా ఉంటాయి. చిన్న సెన్సార్ పి950, నాలుగు రెట్లు పెద్ద సెన్సార్ ఉన్న ఆర్ఎక్స్10 మార్క్ 4, రెండింటి కిటికీ 55 మి.మీ. దూరంగా ఉన్న పక్షి విషయంలో పెద్ద సెన్సార్ గొప్పదని అందరూ అంటారు. కానీ పూర్తి జూమ్‌లో రెండూ ఆ పక్షి నుంచి ఒకే మోతాదు వెలుతురు తీసుకుంటాయి. ఆర్ఎక్స్10లో పక్షి చిన్నగా పడుతుంది, మీరు తర్వాత క్రాప్ చేసుకోవాలి. 600 ఎంఎంలో తీసిన 20 మెగాపిక్సెళ్ల ఫొటోను 2000 ఎంఎం ఫ్రేముకి సరిపోయేలా కోస్తే మిగిలేది 1.8 మెగాపిక్సెళ్లు. పి950 అక్కడ 16 మెగాపిక్సెళ్లు ఇస్తుంది. కాబట్టి నిజంగా 1200 దాటిన దూరాలే మీవైతే చిన్న సెన్సార్ కెమెరా కొనడంలో నామోషీ ఏమీ లేదు, అది సరైన ఎంపిక.

అయితే ఆ కిటికీ చివరి జూమ్‌లోనే అంత పెద్దది. వెనక్కి రాగానే ముడుచుకుపోతుంది. 600 ఎంఎం ఈక్వివలెంట్ దగ్గర పి950 అసలు ఫోకల్ లెంత్ 107 మి.మీ. మాత్రమే. అక్కడ ఎపర్చర్ ఎఫ్/4 అనుకుని లెక్కేసినా కిటికీ 27 మి.మీ. దాటదు. ఆర్ఎక్స్10 అదే 600 దగ్గర 55. వెడల్పులో 2 రెట్లు, వైశాల్యంలో 4 రెట్లు. పూర్తి వైడ్‌లో, అంటే అసలు జూమ్ చేయకుండా చూస్తే, పి950 కిటికీ 4.3 ÷ 2.8, అంటే 1.5 మి.మీ.; ఆర్ఎక్స్10 కిటికీ 8.8 ÷ 2.4, అంటే 3.7 మి.మీ. వెలుతురులో 5 రెట్లకు పైగా తేడా. పెళ్లి పందిట్లో, గుడి మండపంలో, సాయంత్రం వీధిలో తీసే ఫొటోల్లో ఈ తేడా మొదటి చూపులోనే తెలిసిపోతుంది.

అందుకే నా తీర్పు ఇలా ఉంటుంది: మీ అవసరాలు 600 లోపు గుమిగూడితే ఒక అంగుళం సెన్సార్. 1200 అవతల గుమిగూడితే 1/2.3 అంగుళాల సూపర్‌జూమ్. మధ్యలో ఉన్నవాళ్లు వెలుతురును బట్టి తేల్చుకోవాలి. పొద్దున్నే, సాయంత్రం, చెట్ల నీడలో తీసేవాళ్లయితే పెద్ద సెన్సార్ వైపు మొగ్గండి. ఎండలో, బయలులో తీసేవాళ్లయితే పొడవు జూమ్ వైపు.

మెగాపిక్సెళ్లు నిజమా కాదా చూడండి

వెలుతురు తరంగం కాబట్టి కిటికీ అంచుల దగ్గర వంగుతుంది. ఇంటర్ ఫిజిక్సులో వివర్తనం అని చదువుకున్నదే. దానివల్ల ఏ లెన్స్ కూడా చుక్కను చుక్కలా చూపలేదు, చిన్న బిళ్లలా చూపిస్తుంది. ఆ బిళ్ల వ్యాసం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కావాలంటే ఎపర్చర్ అంకెను 1.34తో గుణించండి, ఆకుపచ్చ వెలుతురుకి అది సరిపోతుంది. ఎఫ్/8 దగ్గర బిళ్ల సుమారు 10.7 మైక్రాన్లు. పి1000 సెన్సార్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు 1.34 మైక్రాన్లు. అంటే పూర్తి జూమ్‌లో ఒక చుక్క అడ్డంగా 8 పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. 16 మెగాపిక్సెళ్ల ఫైలు వస్తుంది, కానీ 16 మెగాపిక్సెళ్ల వివరం దాంట్లో ఉండదు.

ఆర్ఎక్స్10లో ఎఫ్/4 దగ్గర బిళ్ల 5.4 మైక్రాన్లు, పిక్సెల్ 2.4 మైక్రాన్లు. ఇక్కడ చుక్క రెండు పిక్సెళ్లకు కొంచెం ఎక్కువ. అందుకే దాని ఫొటోను వంద శాతం, అంటే ఒక్కో పిక్సెల్ కనపడేంతగా పెంచి చూసినా గట్టిగా నిలబడుతుంది.

దూరంగా ఉన్నదాంట్లో ఎంత సన్నని వివరం కనపడుతుందన్నది కూడా మళ్లీ ఆ కిటికీనే తేలుస్తుంది. వంద మీటర్ల దూరంలో 55 మి.మీ. కిటికీ సూత్రం ప్రకారం 1.2 మి.మీ. దాకా విడదీయగలదు, 67 మి.మీ. కిటికీ 1 మి.మీ. దాకా. పి950 నుంచి పి1000కి వెళితే జూమ్ అంకె 2000 నుంచి 3000కి, ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. నిజమైన వివరం 1.2 రెట్లే. దానికోసం బరువు కిలో నుంచి 1.4 కిలోలకు పెరుగుతుంది. నన్నడిగితే, చంద్రుడి కోసమో దూరపు ఓడల కోసమో తప్ప ఆ 400 గ్రాములు మోయడం అనవసరం.

ఇదంతా చదివి మెగాపిక్సెళ్ల గురించి టెన్షన్ పడకండి. 12 × 8 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 200 చుక్కల చొప్పున లెక్కేస్తే 4 మెగాపిక్సెళ్లు కూడా నిండవు. పొడవు జూమ్‌లో తీసిన 16 మెగాపిక్సెళ్ల ఫైలును 4కి తగ్గించి ప్రింటు వేస్తే చక్కగా ఉంటుంది. వంద శాతం పెంచి చూసి నిరాశపడేవాళ్లు ఈ పని చేసి చూడాలి.

మబ్బు రోజున ఐఎస్ఓ ఎంతవుతుందో ముందే లెక్కేయండి

ఎండలో అన్ని కెమెరాలూ మంచివే. కొనేముందు ఊహించుకోవలసింది కష్టమైన రోజును. మబ్బు పట్టిన పగటి వేళ, కదలని పక్షి, షట్టర్ 1/500, అంటే సెకనులో ఐదువందో వంతు సేపే తెరుచుకుంటుంది. ఎఫ్/4 అయితే ఐఎస్ఓ, అంటే వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 200 దగ్గర సరిపోతుంది. ఎఫ్/8 అయితే 800 కావాలి. ఇంకా తెల్లవారుతున్న సమయమైతే ఆ రెండూ 800, 3200 అవుతాయి. చిన్న సెన్సార్ మీద ఐఎస్ఓ 800 అంటే ఈకల సన్నని గీతలు అప్పుడే అలుక్కోవడం మొదలవుతుంది. 3200 అంటే పక్షిని గుర్తుపట్టడానికి పనికొచ్చే ఫొటో, గోడకు తగిలించేది కాదు. నా మబ్బు ఉదయం పాడైంది సరిగ్గా ఇందువల్లే.

ఎగిరే పక్షికి 1/1600 కావాలి, కనీసం. అంటే పై అంకెలన్నీ 3 రెట్లకు పైగా పెంచుకోండి.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. 'ఎఫ్‌జెడ్300 ఎఫ్/2.8 కదా, ఆర్ఎక్స్10 ఎఫ్/4యే కదా, కాబట్టి మొదటిదే వెలుతురులో మెరుగు' అనుకుంటారు. ఎపర్చర్ అంకె సెన్సార్ మీద ఒక్కో చదరపు మిల్లీమీటరుకి ఎంత వెలుతురు పడుతుందో చెబుతుంది. మొత్తం ఎంత పడిందో చెప్పదు. ఐఎస్ఓ, షట్టర్ ఎంత పెట్టాలన్నదానికి ఎపర్చర్ అంకె చాలు. నాయిస్ (ఫొటో మీద ఇసుక చల్లినట్టు కనపడే చుక్కలు) ఎంత వస్తుందో తెలియాలంటే మాత్రం ఈక్వివలెంట్ జూమ్‌కి వాడే గుణకంతోనే ఎపర్చర్‌ను కూడా గుణించాలి. 1/2.3 అంగుళాలకు ఆ గుణకం 5.6, ఒక అంగుళానికి 2.7. ఎఫ్‌జెడ్300 ఎఫ్/2.8 ఫుల్ ఫ్రేమ్ లెక్కలో ఎఫ్/16 దగ్గరికి వస్తుంది, ఆర్ఎక్స్10 ఎఫ్/4 ఎఫ్/11 అవుతుంది, పి1000 ఎఫ్/8 ఏకంగా ఎఫ్/45. ఫోకల్ లెంత్‌ను గుణించి పెద్దగా చూపించి, ఎపర్చర్‌ను మాత్రం గుణించకుండా అలాగే చూపించే పద్ధతి కొనేవాళ్లకు అన్యాయం చేస్తోందని నేను గట్టిగా నమ్ముతాను.

అంకెల్లో లేనివి

ఫోకస్ వేగం. ఆర్ఎక్స్10 మార్క్ 4లో సెన్సార్ మీదే ఫేజ్ డిటెక్షన్ ఫోకస్ (ఎటు, ఎంత జరగాలో ఒకేసారి తెలుసుకునే పద్ధతి) ఉంది, ఎగిరే కొంగను వెంబడించగలదు. మార్క్ 3కీ మార్క్ 4కీ లెన్స్ ఒకటే, ముఖ్యమైన తేడా ఇదే. నికాన్ పి వరుస, కానన్ ఎస్ఎక్స్70 కాంట్రాస్ట్ పద్ధతిలో ఫోకస్ చేస్తాయి, ముందుకూ వెనక్కూ వెతుక్కుంటాయి. కూర్చున్న పక్షికి పర్వాలేదు, ఎగిరేదానికి కష్టం.

రా ఫైలు, అంటే సెన్సార్ నుంచి వచ్చింది వచ్చినట్టు దాచే ఫైలు. పి900లో లేదు, పి950లో, పి1000లో ఉంది. చిన్న సెన్సార్ కెమెరాకే రా ఫైలు ఎక్కువ అవసరం. కెమెరా లోపల జేపెగ్ తయారయ్యేటప్పుడు నాయిస్‌తో పాటు ఈకలను కూడా తుడిచేస్తుంది. రా ఉంటే ఇప్పటి నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్లతో ఆ పని మన చేతిలో ఉంటుంది. వాడిన కెమెరా కొనేవాళ్లు పి900, పి950 మధ్య ధర తేడా ఎంతున్నా ఈ ఒక్క కారణానికి పి950 తీసుకోవచ్చు.

తేమ, దుమ్ము. ఎఫ్‌జెడ్300, ఆర్ఎక్స్10 మార్క్ 4లకు తుంపర్లు, దుమ్ము నుంచి కొంత రక్షణ ఉంది. పి1000కి లేదు. జూమ్ చేసినప్పుడల్లా లెన్స్ గొట్టం గాలిని లోపలికి పీలుస్తుంది. లెన్స్ ఊడదు కాబట్టి సెన్సార్ మీద పడ్డ దుమ్మును ఇంట్లో తుడుచుకోలేం. కోస్తాలో ఉండేవాళ్లకు ఫంగస్ బాధ కూడా ఉంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి, నెలకోసారి జెల్ రంగు చూడండి.

ఇక లెన్స్ మార్చుకునే కెమెరా సంగతి. కానన్ ఆర్10 బాడీ, ఆర్ఎఫ్ 100-400 లెన్స్ కలిపి కిలో దాటి కొంచెం. కిటికీ 400 ÷ 8, అంటే 50 మి.మీ., ఆర్ఎక్స్10కి దగ్గరగానే ఉంది. ఈక్వివలెంట్ 640 దాకా వెళుతుంది. వైడ్ కావాలంటే ఇంకో లెన్స్ మోయాలి, కానీ రేపు పెద్ద కిటికీ కావాలంటే లెన్స్ ఒక్కటే మారిస్తే చాలు. సిగ్మా 150-600 కాంటెంపరరీ కిటికీ 95 మి.మీ., బరువు మాత్రం లెన్స్ ఒక్కటే 1.9 కిలోలు. పక్షుల మీద ఇష్టం పెరుగుతూ పోతుందని మీకు అనిపిస్తే ఈ దారి ముందే ఆలోచించండి. ప్రయాణాల్లో ఒకే కెమెరాతో గోపురమూ, దాని మీద వాలిన చిలుకా రెండూ తీయాలనుకుంటే ఊడని లెన్సే హాయి.

షాపులో, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

ఈ తరహా కెమెరాల్లో చాలా మోడళ్లు కొత్తవి దొరకడం తగ్గిపోయింది, అందుకని వాడినవి చూడవలసి వస్తుంది. ఒక తెలుగు దినపత్రిక తీసుకెళ్లండి. చిన్న అక్షరాల ప్రకటనల పేజీని గోడకు సమంగా అంటించి వైడ్‌లో, మధ్య జూమ్‌లో, పూర్తి జూమ్‌లో తీయండి. పూర్తి జూమ్‌కి షాపు బయట దాకా వెనక్కి వెళ్లాల్సి రావచ్చు, మొహమాటపడకండి. నాలుగు మూలల్లో ఒక మూల అక్షరాలు మాత్రమే అలుక్కుపోతే లెన్స్ లోపలి గాజు పక్కకు జరిగిందని అర్థం. ఆ కెమెరా వద్దు. నాలుగు మూలలూ సమానంగా కొంచెం మెత్తగా ఉంటే అది మామూలే.

తర్వాత ఆకాశాన్ని ఎఫ్/8లో, పూర్తి జూమ్‌లో తీయండి. బూడిద రంగు మచ్చలు కనపడితే అది సెన్సార్ మీది దుమ్ము. ఫోన్ టార్చి లెన్స్ మీదకు ఏటవాలుగా వేసి సాలెగూడు లాంటి పోగులున్నాయేమో చూడండి, ఫంగస్ అలాగే ఉంటుంది. పూర్తిగా జూమ్ చేసి గొట్టం చివర రెండు వేళ్లతో మెల్లగా కదపండి. కొద్దిగా ఆడటం సహజం, గడగడమంటే వదిలేయండి.

చేతిలోకి వచ్చాక

2000 ఎంఎం దగ్గర పక్షిని వెతకడమే మొదటి కష్టం. వైడ్‌లో పక్షిని మధ్యలో పెట్టుకుని, కన్ను తీయకుండా జూమ్ చేయండి. పక్షి తప్పిపోతే, పి950, పి1000 లెన్స్ పక్కన ఒక బటన్ ఉంటుంది, నొక్కి పట్టుకుంటే జూమ్ కాసేపు వెనక్కి వస్తుంది, వదిలితే మళ్లీ ముందుకు వెళుతుంది. కానన్‌లోనూ ఇలాంటి సదుపాయం ఉంది. దాన్ని ఇంట్లో పిట్టగోడ మీద కాకులతో ఒక వారం సాధన చేయండి.

డిజిటల్ జూమ్‌ను మెనూలోకి వెళ్లి పూర్తిగా ఆపేయండి. అది క్రాప్ చేసి సాగదీయడం తప్ప మరేం చేయదు, ఆ పని ఇంట్లో మీరు ఇంకా బాగా చేస్తారు. పూర్తి జూమ్‌లో ఎపర్చర్‌ను పెద్దదిగానే ఉంచండి, అంటే అంకె చిన్నది. చిన్న సెన్సార్ మీద ఎపర్చర్ మూస్తే పదును పెరగదు, వివర్తనం వల్ల తగ్గుతుంది.

స్టెబిలైజర్ చేతి వణుకును ఆపుతుంది, పక్షి కదలికను ఆపదు. కూర్చున్న పక్షికైనా 1/500 కిందికి రావద్దు. చేతి ఆధారానికి కిలోన్నర బియ్యం పోసిన గుడ్డ సంచి చాలా గొప్ప సాధనం. కారు తలుపు మీద, గట్టు మీద పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి. కారు ఇంజన్ ఆపాలి, లేకపోతే వణుకంతా లెన్స్‌లోకి వస్తుంది. ఏసీ కూడా ముందుగానే ఆపి అద్దం దించి ఉంచండి. చల్లటి లెన్స్ బయటి తేమ గాలికి మసకబారుతుంది. ఒక్కో ఫొటో కాకుండా వరుసగా నాలుగైదు తీయండి. బటన్ నొక్కే కుదుపు మొదటిదానికి, వదిలే కుదుపు చివరిదానికి తగులుతుంది, మధ్యవి పదునుగా ఉంటాయి.

మన వాతావరణంలో పొడవు జూమ్‌కి అసలు శత్రువు వేడి గాలి. పొద్దెక్కాక నేల మీంచి లేచే వేడి తెరలు తెరలుగా కదులుతుంది, దూరంగా ఉన్నది నీళ్లలో ఉన్నట్టు వంకరలు తిరుగుతుంది. ఏ లెన్సూ, ఏ సెన్సారూ, ఎంత ఖరీదైనదైనా, దీనికి మందు కాదు. ఎక్కువ జూమ్ ఆ వంకరలనే పెద్దవి చేసి చూపిస్తుంది. తారు రోడ్డు మీదుగా, ఎండిన నేల మీదుగా, వేడెక్కిన కారు బానెట్ మీదుగా తీయకండి. సూర్యోదయం నుంచి 8 గంటల దాకా ఉండే సమయమే మీది. ఆ తర్వాత 30 మీటర్ల లోపు ఉన్నవాటిని మాత్రమే తీయండి.

చంద్రుడికి ఈ గొడవ తక్కువ, బాగా పైకి వచ్చాక తీస్తే. ఫోకల్ లెంత్‌ను 110తో భాగిస్తే సెన్సార్ మీద చంద్రబింబం సైజు వస్తుంది. ఆర్ఎక్స్10లో అది 2 మి.మీ., అడ్డంగా 830 పిక్సెళ్లు. పి950లో 3.2 మి.మీ., 2400 పిక్సెళ్లు. పి1000లో 4.9 మి.మీ., సెన్సార్ ఎత్తు 4.55 మాత్రమే కాబట్టి నిండు చంద్రుడు ఫ్రేములో పట్టడు, కొంచెం వెనక్కి జూమ్ చేయాలి. మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ 100, ఎఫ్/8, షట్టర్ 1/200తో మొదలుపెట్టండి. ట్రైపాడ్ మీద పెట్టి స్టెబిలైజర్ ఆపి, 2 సెకన్ల టైమర్ వాడండి. పౌర్ణమి కంటే సప్తమి, అష్టమి నాటి చంద్రుడు మంచిది. అర్ధచంద్రుడి అంచున వెలుగూ నీడా కలిసేచోట గుంటలన్నీ ఏటవాలు వెలుతురులో లేచి కనపడతాయి. ఆ రోజున షట్టర్ 1/50 దగ్గరికి దించండి.